ఫ్రీ కమాండ్ చెప్పే లెక్క: ఒక డీఫాల్ట్ అవుట్‌పుట్ మార్పుపై విమర్శ

పరిచయం

విమర్శ అనగానే కథో, కవితో, నవలో గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో మనం విమర్శకు తీసుకుంటున్న రచన మూడు నాలుగు వరుసలే ఉంటుంది. లినక్స్ టెర్మినల్‌లో ఫ్రీ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే తెరమీద కనిపించే మెమరీ పట్టిక అది. ఈ పట్టిక రూపం 2014లో మారింది. ఎందుకు మారింది, ఎవరికి మేలు జరిగింది, ఎవరు నష్టపోయారు, ఏ లోపం ఇంకా మిగిలి ఉంది అన్న విషయాలను ఇక్కడ పరిశీలిస్తాం. మెమరీ, ప్రాసెస్, ఫైల్ వ్యవస్థల గురించి మీరు ఇదివరకే చదివారు కాబట్టి ఆ పదాలను మళ్లీ వివరించడం లేదు.

డీఫాల్ట్ అవుట్‌పుట్ అంటే ఏ ఆప్షనూ ఇవ్వకుండా కమాండ్ పేరు మాత్రమే టైప్ చేసినప్పుడు కనిపించేది. అనుభవం ఉన్నవారు తమకు కావలసిన ఆప్షన్ ఇచ్చి కావలసింది రప్పించుకుంటారు. ఏమి అడగాలో ఇంకా తెలియనివారికి డీఫాల్టే దిక్కు. అందుకే డీఫాల్ట్‌ను విమర్శించేటప్పుడు మొదట వేయవలసిన ప్రశ్న ఇది: తెలియనివాడు దీన్ని చూసి ఏమనుకుంటాడు?

కొత్తపేట గదిలో ఒక ల్యాప్‌టాప్

కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు మెట్రో స్తంభాల వెంట నడిస్తే శిక్షణ సంస్థల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ‘ఫ్రీ డెమో’ అన్న మాట లేని బోర్డు అరుదు. అక్కడ ఫ్రీ అంటే డబ్బు కట్టనక్కరలేదని అర్థం. టెర్మినల్‌లోని ఫ్రీకి అర్థం ఖాళీ. ఈ రెండింటినీ ఎవరూ కలగలుపుకోరు. చిక్కు వచ్చేది ఆ ‘ఖాళీ’ అన్న అర్థం దగ్గరే.

ఆ వీధుల్లో ఒక గదిలో ఉంటూ, పగలు పని చేసుకుంటూ, రాత్రి చదువుకునే విద్యార్థిని ఒకరిని ఊహించుకుందాం. ఆమె సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేసుకుంది. ర్యామ్ 8 జీబీ. బ్రౌజర్, ఎడిటర్, ఒక డేటాబేస్ తెరిచి ఉన్నాయి. ల్యాప్‌టాప్ కాస్త నెమ్మదించినట్లు అనిపించి, పాత రూపం ఫ్రీ కమాండ్‌ను మెగాబైట్లలో నడిపింది. ఉదాహరణ కోసం గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాం:

మెమ్ వరుస: టోటల్ 7800, యూజ్‌డ్ 7500, ఫ్రీ 300, షేర్డ్ 400, బఫర్స్ 200, క్యాష్డ్ 4300.

దాని కింది వరుస, మైనస్ గుర్తు, గీత, ప్లస్ గుర్తు, ఆపైన ‘బఫర్స్/క్యాష్’ అన్న శీర్షికతో: 3000, 4800.

చివరి వరుస స్వాప్: టోటల్ 2047, యూజ్‌డ్ 0, ఫ్రీ 2047.

ఆమె కన్ను మొదటి వరుస మీద పడుతుంది. 7800లో 7500 అయిపోయింది, 300 మిగిలింది. ర్యామ్ చాలడం లేదని నిర్ణయించుకుంటుంది. మెస్ బిల్లుకు దాచిన డబ్బు ర్యామ్ స్టిక్‌కు పోతుంది. ర్యామ్ పెంచినా కొన్నాళ్లకు ఫ్రీ అంకె మళ్లీ దాదాపు అడుగంటుతుంది, ఎందుకంటే కెర్నల్ పెరిగిన చోటునూ క్యాష్‌కు వాడుకుంటుంది. లినక్స్ నా ర్యామ్ తినేసిందన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపించడానికి మూలం ఈ ఒక్క వరుస. (క్యాష్ అన్న మాట చూసి నగదు అనుకోవద్దు. ఉచ్చారణ కలిసింది, అంతే.)

గమనించండి, ఈ పట్టికలో అబద్ధపు అంకె ఒక్కటీ లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు దాదాపు సరైన జవాబు కూడా ఉంది: రెండో వరుసలోని 4800. క్యాష్‌ను వదిలించుకుంటే కొత్త ప్రోగ్రామ్‌కు దొరికే చోటు అది. అయితే ఆ వరుస శీర్షిక అర్థం కావాలంటే బఫర్లు, క్యాష్ అంటే ఏమిటో, వాటిని యూజ్‌డ్ నుంచి తీసివేసి ఫ్రీకి కలపాలని ఎందుకు అంటున్నారో ముందే తెలిసి ఉండాలి. అంటే జవాబు తెలిసినవారికే జవాబు కనబడుతుంది. రచనగా చూస్తే పాత పట్టికలోని పెద్ద దోషం ఇదే.

ఖాళీ వేరు, దొరికేది వేరు

ఈ తేడాను తెలుగువారికి వివరించడానికి ఆర్టీసీ బస్సు చాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఎక్కారు. ఒక సీటులో చిన్నపిల్లవాడు కూర్చున్నాడు. సీటు ఖాళీగా లేదు. కాని పెద్దావిడ ఎవరైనా వస్తే వాళ్లమ్మ పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుంటుంది, సీటు దొరుకుతుంది. ఇంకో సీటులో ఎవరూ లేరు, కర్చీఫ్ వేసి ఉంది. అది ఖాళీయే, కాని దొరకదు.

క్యాష్‌లో ఉన్న మెమరీలో ఎక్కువ భాగం మొదటి సీటు లాంటిది. ఒకసారి డిస్క్ నుంచి చదివిన ఫైలు భాగాలను కెర్నల్ ర్యామ్‌లో ఉంచుకుంటుంది, మళ్లీ అడిగితే డిస్క్ దాకా పోకుండా ఇవ్వడానికి. ఎవరికైనా చోటు కావలసి వస్తే వాటిని వదిలేస్తుంది. రెండో సీటు లాంటి మెమరీ కూడా ఉంది: అత్యవసర అవసరాల కోసం కెర్నల్ కొంత ఖాళీ చోటును తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. అది ఖాళీ లెక్కలోకి వస్తుంది, మామూలు ప్రోగ్రామ్‌కు మాత్రం ఇవ్వదు.

మూడో రకం ఒకటి ఉంది. క్యాష్‌గా లెక్కలోకి వచ్చినా వదిలించుకోవడానికి వీలు లేనిది. ర్యామ్‌లోనే నడిచే టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థలోని ఫైళ్లు, ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ ఇలాంటివి. వాటికి డిస్క్ మీద ప్రతి ఉండదు, పారేస్తే సమాచారమే పోతుంది. పై ఉదాహరణలో షేర్డ్ కింద కనిపించిన 400 ఈ కోవలోనిది. పాత పట్టిక రెండో వరుస దీన్ని కూడా దొరికే చోటుగా కలిపేసుకుంది. అందుకే 4800 ‘దాదాపు’ సరైన జవాబు అన్నాం.

ఫ్రీ, క్యాష్ కలిపితే దొరికే మెమరీ వస్తుందన్న పాత లెక్క ఇక చెల్లదని కెర్నల్ డెవలపర్ రిక్ వాన్ రీల్ 2014 ఆరంభంలో వాదించారు. ప్రతి ప్రోగ్రామ్ తనకు తోచినట్లు కూడికలు వేసుకోవడం కంటే, లోపలి సంగతి తెలిసిన కెర్నలే అంచనా కట్టి ఒక అంకె ఇవ్వడం మేలని ఆయన ప్రతిపాదన. ఆ ఏడాది మార్చి చివర విడుదలైన 3.14 కెర్నల్‌లో ఆ అంకె చేరింది. ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైలులో మెమ్‌అవైలబుల్ అనే పేరుతో మీరు దాన్ని చూడవచ్చు. కర్చీఫ్ వేసిన సీట్లను, ఒళ్లోకి తీసుకోవడానికి వీల్లేని ప్రయాణికులను మినహాయించి కట్టిన అంచనా అది.

2014 నాటి మార్పు

ఫ్రీ కమాండ్ ప్రాక్‌పీఎస్-ఎన్‌జీ అనే ప్యాకేజీలో భాగం. పీఎస్, టాప్ వంటి కమాండ్లు కూడా అందులోనివే. 2014లో వచ్చిన 3.3.10 వెర్షన్‌లో ఫ్రీ పట్టికను తిరగరాశారు. రెండో వరుసను పూర్తిగా తీసేశారు. బఫర్స్, క్యాష్డ్ కాలమ్‌లను ఒకటిగా కలిపి బఫ్/క్యాష్ అన్నారు. చివర అవైలబుల్ అనే కొత్త కాలమ్ పెట్టారు. మన ఉదాహరణ కొత్త రూపంలో ఇలా ఉంటుంది:

మెమ్ వరుస: టోటల్ 7800, యూజ్‌డ్ 3000, ఫ్రీ 300, షేర్డ్ 400, బఫ్/క్యాష్ 4500, అవైలబుల్ 4200.

స్వాప్ వరుస: టోటల్ 2047, యూజ్‌డ్ 0, ఫ్రీ 2047.

యంత్రం మారలేదు, తెరిచిన ప్రోగ్రామ్‌లు మారలేదు. యూజ్‌డ్ 7500 నుంచి 3000కు వచ్చింది. దాని పక్కనే ‘కావాలంటే 4200 దొరుకుతుంది’ అని చెప్పే కాలమ్ ఉంది. మన విద్యార్థిని ర్యామ్ కొనడానికి బయలుదేరదు. ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి కారణం వేరే చోట వెతుక్కుంటుంది. ఈ ఒక్క కారణంతో నేను ఈ మార్పును సమర్థిస్తాను. వినియోగదారు అడిగే అసలు ప్రశ్నకు ఆప్షన్ ఇవ్వనక్కరలేకుండా, చదివితే అర్థమయ్యే పేరుతో జవాబు ఇచ్చింది.

పూర్తిగా సమర్థించలేనివి కూడా ఉన్నాయి. అవైలబుల్ కాలమ్‌ను కుడివైపు చివర పెట్టారు. ఎడమ నుంచి చదివే కంటికి ముందు తగిలేది ఫ్రీ 300. కమాండ్ పేరు కూడా ఫ్రీయే కావడంతో ఆ కాలమే అసలు జవాబు అన్న భ్రమ ఇప్పటికీ కలుగుతుంది. విండోస్‌తో పోల్చి చూడండి. విండోస్ 7 టాస్క్ మేనేజర్‌లో అవైలబుల్, ఫ్రీ రెండూ పక్కపక్కన ఉండేవి. విండోస్ 8లో ఫ్రీని ఎత్తివేసి అవైలబుల్ ఉంచారు. అంత తెగువ లినక్స్ వైపు చూపలేదు. చూపవలసింది అంటాను. ఫ్రీ అంకె కావలసిన నిపుణులకు ఆప్షన్ ఉంచితే సరిపోయేది. బఫర్లను, క్యాష్‌ను వేరువేరుగా చూపమని అడగడానికి వైడ్ అనే ఆప్షన్ ఇచ్చారు కదా, అదే పద్ధతి ఇక్కడా నడిచేది.

ఇంకో చిన్న మాట. అవైలబుల్ ఒక అంచనా మాత్రమేనని మాన్యువల్ చెబుతుంది, పట్టిక చెప్పదు.

మూడో వరుసను నమ్ముకున్నవారు

డీఫాల్ట్ అవుట్‌పుట్‌ను చదివేది మనుషులే అయితే చర్చ ఇక్కడితో ముగిసేది. స్క్రిప్టులు కూడా చదువుతాయి. పాత రోజుల్లో సర్వర్‌లో ఎంత మెమరీ మిగిలిందో కనిపెట్టడానికి చాలామంది ఒక వరుస స్క్రిప్ట్ రాసుకునేవారు: ఫ్రీ అవుట్‌పుట్‌ను పైప్ ద్వారా ఆక్‌కు పంపి, మూడో వరుసలో నాలుగో పదాన్ని తీసుకోమనేవారు. శీర్షికల వరుస ఒకటి, మెమ్ రెండు, బఫర్స్/క్యాష్ సవరణ వరుస మూడు. దాని శీర్షికలో గుర్తులు ఒక పదం, బఫర్స్/క్యాష్ ఇంకో పదం. కాబట్టి నాలుగో పదం 4800. అప్పటికి సరైన స్క్రిప్టే.

కొత్త వెర్షన్‌లో మూడో వరుస ఏది? స్వాప్. అందులో నాలుగో పదం స్వాప్‌లో ఖాళీగా ఉన్న చోటు, మన ఉదాహరణలో 2047. స్క్రిప్ట్ ఆగదు, ఎర్రర్ ఇవ్వదు, నిబ్బరంగా 2047 అని చెబుతుంది. అసలు మెమరీ అడుగంటుతున్నా స్వాప్ వాడకం మొదలయ్యేదాకా అదే అంకె చెబుతుంది. స్వాప్ అసలు లేని సర్వర్ అయితే సున్నా చెబుతుంది, అర్ధరాత్రి హెచ్చరిక మోగుతుంది, నిద్ర లేచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. ఈ రెండింటిలో మొదటిదే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని చూసి ఎవరూ నిద్ర లేవరు.

కొత్తపేటవారికి ఇది తెలిసిన అనుభవమే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. పాత గుర్తులతో వచ్చిన లారీ డ్రైవర్ అక్కడ మార్కెట్ లేదని కనీసం కళ్లతో చూస్తాడు. స్క్రిప్ట్‌కు ఆ కళ్లు లేవు. చెప్పిన చోటికి వెళ్లి, అక్కడ ఏది ఉంటే అదే సరుకు అనుకుని ఎత్తుకొస్తుంది.

అదే మార్పు మరికొందరిని ఎలా తాకిందో చూస్తే తేడా తెలుస్తుంది. మూడో వరుస అనకుండా బఫర్స్/క్యాష్ అన్న మాటను గ్రెప్‌తో వెతికినవారికి ఫలితం శూన్యంగా వచ్చింది, ఏదో మారిందని తెలిసింది. పాత ఫ్రీలో సవరణ వరుస వద్దని చెప్పే ‘ఓ’ ఆప్షన్ ఉండేది. కొత్త వెర్షన్‌లో దాన్ని వాడినవారికి అలాంటి ఆప్షన్ లేదని ఎర్రర్ వచ్చింది. విసుగు కలిగినా అది నిజాయితీగల ఎర్రర్. ఒకే మార్పు ఒకరికి ఎర్రర్ ఇచ్చింది, ఒకరికి ఖాళీ ఇచ్చింది, ఇంకొకరికి తప్పు అంకె ఇచ్చింది. డీఫాల్ట్ మార్చేవారు ఎక్కువ భయపడవలసింది ఈ మూడోదానికే.

సెంట్‌ఓఎస్ 6 నుంచి 7కు, ఉబుంటు 14.04 నుంచి 16.04కు మారినవారికి ఇది ఎదురైంది. పాత సర్వర్లు, కొత్త సర్వర్లు పక్కపక్కన నడిచే కార్యాలయాల్లో ఒకే స్క్రిప్ట్ రెండు రకాలుగా మాట్లాడింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: మూడో వరుస, మూడో పదం అని రాసిన స్క్రిప్ట్ పై రెండు పట్టికల్లో ఏయే అంకెలు ఇస్తుంది? ఆ అంకెలలో ప్రతి ఒక్కటి దేని కొలతో ఒక వాక్యంలో రాయండి.

తప్పు ఎవరిది?

రాతపూర్వకంగా మాట ఇవ్వని రూపాన్ని నమ్ముకోవడం స్క్రిప్ట్ రాసినవారి తప్పేనని ఒక వాదం ఉంది. అందులో నిజం ఉంది. లినక్స్‌లోనే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ మాన్యువల్ చూడండి. డీఫాల్ట్ అవుట్‌పుట్ మారవచ్చని, స్క్రిప్టులలో దాన్ని వాడవద్దని, కావలసిన కాలమ్‌లను పేరుతో అడగమని అది ముందే చెబుతుంది. డిస్క్ చోటు చూపే డీఎఫ్‌కు పోసిక్స్ ప్రమాణం ప్రకారం స్థిరమైన రూపం ఇచ్చే ఆప్షన్ వేరుగా ఉంది. ఫ్రీ విషయంలో పాత రోజుల్లో మారదన్న హామీ లేదు, మారుతుందన్న హెచ్చరికా లేదు. దశాబ్దాల పాటు ఒకే రూపంలో కనిపించినదాన్ని జనం హామీగానే తీసుకుంటారు. కాబట్టి తప్పంతా స్క్రిప్ట్ రాసినవారి మీదికి నెట్టడం నాకు న్యాయంగా తోచదు.

మరో దారి ఉందా? 2016లో కోర్‌యుటిల్స్ 8.25 వెర్షన్‌లో ఎల్ఎస్ కమాండ్ డీఫాల్ట్ కూడా మారింది. ఖాళీలున్న ఫైలు పేర్లను కొటేషన్ గుర్తుల మధ్య చూపడం మొదలుపెట్టింది. అయితే అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తున్నప్పుడు మాత్రమే అలా చూపుతుంది, పైప్‌కు వెళ్తే పాత రూపమే ఇస్తుంది. తెర చూసేవారిలో చాలామందికి కోపం వచ్చింది, స్క్రిప్టులు మాత్రం చెడలేదు. ఫ్రీ కూడా ఈ దారి పట్టి ఉంటే? నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. నేర్చుకునేవారు తెర మీద చూసి వరుసలు లెక్కపెట్టుకుని స్క్రిప్ట్ రాస్తారు. తెర మీద ఒకటి, పైప్‌లో ఒకటి కనిపిస్తే వారి లెక్క మొదటి రోజే తప్పుతుంది. ఎల్ఎస్‌లో తేడా కొటేషన్ గుర్తులు మాత్రమే. ఫ్రీలో అయితే వరుసల సంఖ్యే వేరవుతుంది. ఇంతకంటే తేలికైన దారి ఉండేది: ఒకటి రెండు వెర్షన్ల పాటు పాత వరుసను స్థానంలోనే ఉంచి, అవైలబుల్ కాలమ్‌ను పక్కన చేర్చడం. పట్టిక కొంతకాలం వికారంగా ఉండేది. అప్పుడు మూడో వరుసలోకి స్వాప్ వచ్చి కూర్చునేది కాదు.

నియోఫెచ్ వంటి సాధనాల విషయంలో ఇంత చర్చ అక్కరలేదు. లోగో పక్కన రంగుల్లో సిస్టమ్ వివరాలు చూపే ఆ అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ కోసమే పుట్టింది. అందులో వరుస మారితే అలవాటు చెడుతుంది, సర్వర్ చెడదు.

యూజ్‌డ్ అన్న మాటకు మూడు అర్థాలు

పాఠ్యపుస్తకాలు తరచుగా 2014తో ఆపేస్తాయి. కథ అక్కడ ఆగలేదు. ప్రాక్‌పీఎస్-ఎన్‌జీ 4వ శ్రేణిలో యూజ్‌డ్ లెక్క మళ్లీ మారింది. మొదట యూజ్‌డ్ అంటే టోటల్ నుంచి ఫ్రీ తీసివేయగా వచ్చేది, మన ఉదాహరణలో 7500. 2014 తరువాత టోటల్ నుంచి ఫ్రీ, బఫర్స్, క్యాష్ మూడూ తీసివేయగా వచ్చేది, 3000. ఇప్పుడు టోటల్ నుంచి అవైలబుల్ తీసివేయగా వచ్చేది, 3600. కాలమ్ పేరు మాత్రం మూడు కాలాల్లోనూ ఒకటే.

ఈ చివరి మార్పుకు కారణం మంచిదే. టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెట్టిన ఫైళ్లు ఎవరికీ దొరకని చోటు ఆక్రమిస్తున్నప్పుడు, వాటిని వాడుకలో లేనట్లు చూపడం తప్పు. లెక్క మెరుగైంది. కాని 2014లో వరుసలు, కాలమ్‌లు కదిలాయి కాబట్టి కనీసం చూసేవారి కంటికి మార్పు తెలిసింది. ఈసారి పట్టిక ఆకారం అదే, శీర్షిక అదే, అర్థం ఒక్కటే వేరు. ఉబుంటు 22.04లో 3.3.17 ఉంది, 24.04లో 4.0.4 ఉంది. అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు మెమరీ గ్రాఫ్ ఒక మెట్టు పైకి ఎగిరితే, కొత్త ప్రోగ్రామ్ ఏదో మెమరీ మింగుతోందని వెతుకుతూ కూర్చునేవారు ఉంటారు. నా దృష్టిలో 2014 మార్పు కంటే ఇది ఎక్కువ విమర్శకు తగినది. అర్థం మారినప్పుడు పేరు మార్చాలి. అన్‌అవైలబుల్ అని రాసి ఉంటే, ఆ మాట ఎంత మొరటుగా ఉన్నా, ఎవరూ మోసపోయేవారు కారు.

ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక వీలు ఉంది. జర్మన్ వంటి భాషల్లో ఫ్రీ పట్టిక శీర్షికలు ఆ భాషలోనే కనిపిస్తాయి. తెలుగులో రాయవలసి వస్తే ఏమని రాస్తాం? ఫ్రీకి ‘ఖాళీ’, అవైలబుల్‌కు ‘దొరికేది’ అంటే, ఇందాకటి బస్సు ఉదాహరణ మొత్తం రెండు మాటల్లోకి వచ్చేస్తుంది. యూజ్‌డ్ దగ్గరే కలం ఆగుతుంది. ‘వాడుకలో ఉన్నది’ అనాలా, ‘దొరకనిది’ అనాలా? ఏ వెర్షన్‌కు రాస్తున్నామో తెలిస్తే తప్ప తేలదు. అనువాదకుడికి వచ్చిన ఈ ఇబ్బందే ఇంగ్లీషు శీర్షికలో ఉన్న లోపానికి సాక్ష్యం.

అభ్యాసం

అధ్యయన కేంద్రం ల్యాబ్‌లో గాని, మీ సొంత యంత్రం మీద గాని ఫ్రీ కమాండ్‌ను వెర్షన్ ఆప్షన్‌తో నడిపి, ఏ వెర్షనో రాసుకోండి. తరువాత మెగాబైట్లలో పట్టిక తీసి, అందులోని యూజ్‌డ్ పై మూడు లెక్కల్లో దేనికి సరిపోతుందో కాగితం మీద వేసి చూడండి. ఒకటి రెండు మెగాబైట్ల తేడా వస్తే కంగారుపడవద్దు, అది పూర్ణాంకాలకు కుదించడంలో వచ్చే తేడా. వీలైతే ఒక పెద్ద వీడియో ఫైలును ఒకసారి పూర్తిగా కాపీ చేసి పట్టికను మళ్లీ తీయండి. ఫ్రీ ఎంత తగ్గిందో, అవైలబుల్ ఎంత తగ్గిందో పక్కపక్కన రాయండి.

చివరగా, మిగిలిన మెమరీని చెప్పే స్క్రిప్ట్‌ను రెండు విధాలుగా రాయండి: ఫ్రీ పట్టికలో స్థానాన్ని బట్టి ఒకటి, మెమ్‌ఇన్ఫో ఫైలులో మెమ్‌అవైలబుల్ అన్న పేరును బట్టి ఒకటి. రెండోదానిలో ఆ పేరు దొరకకపోతే స్క్రిప్ట్ ఏం చేయాలో కూడా మీరే నిర్ణయించి రాయాలి. రెండు స్క్రిప్టులను వెర్షన్ సంఖ్యతో సహా అసైన్‌మెంట్ పుస్తకంలో చేర్చి, కౌన్సిలింగ్ తరగతికి తీసుకురండి. పక్కవారి యంత్రం మీద వాటిని నడిపి చూద్దాం.